ఎత్తు పెంచిన జీపుకి ఏ టైరు?

మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. ఆ వంశపు పాత జీపులు చాలావాటికి 6.00-16 టైర్లే, ఎత్తు దాదాపు 29 అంగుళాలు.

జీపు ఎత్తు పెంచగానే మనసు 31 అంగుళాల లావు టైర్ల మీదికి పోతుంది. కానీ లిఫ్టు పైన జాగా ఇస్తుంది, పక్కన ఇవ్వదు. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు కమాను పట్టీలకు రాసుకుంటుంది. రిమ్ము బయటికి జరిపితే బేరింగులకు భారం. ఈ పాత జీపుల చక్రానికి అయిదు బోల్టుల వలయం 139.7 మిల్లీమీటర్లు, అది కుదరని రిమ్ము ఎంత మెరిసినా దండగే. పెద్ద టైరుతో స్పీడోమీటరు కూడా ఆరేడు శాతం తక్కువ చూపిస్తుంది!

బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుకలో వెడల్పు టైరు, గాలి తగ్గించి నడపాలి. రేపల్లె వైపు నల్లమట్టి బురదలో సన్నటిదే నయం: పైబురదను కోసుకుంటూ దిగి గట్టినేలను పట్టుకుంటుంది.

కంపెనీ ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కొనేముందే రవాణా కార్యాలయంలో అడగాలి.