నీ వల్లే ఓడిపోయాం

ఈ దినము ఒక కంప్యూటరు ఆటను గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. "పాస్టరుగారికి ఆటలతో పనేమిటి?" అనుకోకండి. కొంచెము ఓపికతో వినండి.

ఆ ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. ఇంటర్నెట్‌లో లక్షలమంది ఆడే ఆట. 2007లో అందులో అరీనా అనే పోటీలు మొదలయ్యాయి. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. ఒక నిమిషము మూసిన తలుపు వెనుక సిద్ధపడతారు. తలుపు తెరవగానే పోరాటము. చాలా జట్లలో ఒకడు కొట్టేవాడు, మరొకడు గాయాలు మాన్పేవాడు. మాన్పేవానికి ఒక నియమము ఉన్నది. తన జతగాడు 40 గజాల లోపల ఉండాలి, కంటికి కనబడాలి. ఆ మైదానాల్లో స్తంభాలుంటాయి. మధ్యలో స్తంభము అడ్డమొస్తే ఎంత ప్రయాసపడినా వైద్యము అందదు.

2009 వేసవి సెలవుల్లో మా పెద్దబ్బాయి ఈ ఆట ఆడేవాడు. కొట్టేవాడు మావాడే. మాన్పేవాడు వేరే ఊరిలోని అతని స్నేహితుడు. ఒక రాత్రి పదకొండు గంటలకు కేక వినబడింది: "నీ వల్లే ఓడిపోయాం! నన్నెందుకు చూడలేదు?"

మందలిద్దామని వెళ్లి, వెనుక నిలబడి తరువాతి పోటీ చూశాను. మావాడు పారిపోతున్న శత్రువును తరుముకుంటూ స్తంభము వెనుకకు వెళ్లిపోయాడు. స్నేహితుడు మైదానము మధ్యలో ఒంటరిగా దెబ్బలు తింటున్నాడు. మళ్లీ ఓడిపోయారు. "ఎందుకు నాన్నా ఇలా జరిగింది?" అని అడిగాను. స్తంభము సంగతి నాకు వివరిస్తూ వివరిస్తూ మధ్యలో మాట ఆపేశాడు. తప్పెవరిదో వాడికే అర్థమైంది.

వాడిని పడుకోమని చెప్పి నేనూ పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. ఆ ఉదయమే, ఆదివారము, ఆరాధనకు ఆలస్యమైనప్పుడు పిల్లలందరి ముందు నా భార్యతో నేనన్న మాట ఏమిటో తెలుసా? "నీ వల్లే ఆలస్యమైంది." ఆమె నాలుగున్నరకే లేచింది. వంట చేసి, పిల్లలను సిద్ధపరచి, నా కొరకు గుమ్మములో ఎదురుచూసింది. నేనేమో ఒక్క మాటైనా చెప్పకుండా ఎవరినో కలవడానికి వెళ్లిపోయాను. స్తంభము వెనుకకు వెళ్లింది నేనే!

తెల్లవారి ఆమె కాఫీ కలుపుతుండగా క్షమించమని అడిగాను. ఆమె ఒకే మాట అన్నది: "ఈసారి చెప్పి వెళ్లండి."

ప్రియ సహోదరుడా, సహోదరీ, ప్రసంగి గ్రంథము 4వ అధ్యాయములో జ్ఞాని ఇద్దరిని గూర్చి వ్రాశాడు. ఒకడు పడితే రెండవవాడు లేపుతాడట. మంచిదే. అయితే నీవు పడిన చోటు నీ జతవారికి కనబడుతుందా? అప్పు చేసి దాచావా? అనారోగ్యము దాచావా? దాచిపెట్టి, "నన్నెవరూ పట్టించుకోరు" అని నిందిస్తున్నావా?

ఆ ఆటలో 2013లో స్థిరమైన జట్ల పద్ధతిని తీసివేశారు. ఇప్పుడు ఎవరి రేటింగు వారిదే. కుటుంబములో అలా కుదరదు. ఓడితే ఇద్దరమూ ఓడతాము.

మరునాటి సాయంత్రము మావాడి గదిలోనుండి మరొక మాట వినబడింది: "అటు వెళ్తున్నానురా, కనబడుతున్నానా?"

ఈ రాత్రి నీ ఇంటిలో ఆ ప్రశ్న నీవు అడుగుతావా? ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.