ల సొమాయి: కాలువ గట్టున ఒక మజిలీ
(రజతోత్సవ సభలోని ప్రసంగపాఠము)



కాలువ పడవలో ప్రయాణమును గూర్చి డెల్టా గ్రామములలోని వృద్ధులకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. తాడు పట్టి గట్టున నడచువారు, లాకుల కడ నిరీక్షణము, ప్రొద్దుగూకునప్పటికి ఏదో యొక రేవున వంట, ఇవన్నియు వారెరిగినవే. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున పడవ ప్రయాణము నేటికిని సాగుచున్నది. అయితే ధాన్యము వేసికొని పోవుటకు కాదు, విహారమునకు. ఆ దారిలో పడవలు ఆగు ల సొమాయి అను చిన్న పల్లెను గూర్చియే ఈ ప్రసంగము.

తులూజ్ నగరము మొదలు మధ్యధరా సముద్రము చెంతనున్న తో సరస్సు వరకు 240 కిలోమీటర్లు సాగు ఆ కాలువకు మిది కాలువ యని పేరు. ఉప్పుపన్ను వసూలును గుత్తకు తీసికొని ధనవంతుడైన పియేర్ పాల్ రికే, పదునాలుగవ లూయీ రాజు శాసనముతో 1666లో దీనికి పూనుకొనెను. కొండవాగులను పిల్లకాలువలతో మళ్లించి, దారిలోకెల్ల ఎత్తయిన చోటికి నీరు చేర్చి, అచ్చటినుండి ఇరువైపులకు పారించుట ఆయన యుక్తి. మట్టి ఒత్తిడికి లాకు గోడ కూలగా, తరువాతివానిని కోడిగ్రుడ్డు ఆకారమున కట్టించెను. తన ఆస్తినెల్ల అందులో పోసి, అప్పులు మిగిల్చి, 1680 అక్టోబరులో మరణించెను. కాలువ తెరచినది 1681 మే నెలలో. ఏడు నెలలు బ్రతికియున్నచో కన్నులార చూచెడివాడు!

బేజియే పట్టణము కడ మెట్లవలె అమర్చిన లాకులను ఎక్కి పడమరకు వచ్చు పడవకు, ఆ పిమ్మట 54 కిలోమీటర్ల దూరము ఒక్క లాకైనను తగులదు. వంకలు తిరుగుచు పోవు ఆ నిడుపాటి నీటి అంచుననే సొమాయి యున్నది. విహార పడవలు రాత్రి నడువరాదు గనుక ప్రొద్దు వాలగానే సరంగు ఇక్కడ గట్టు పట్టును. ముందుగా కనబడునది ఒంటికమాను రాతివంతెన. నడుమ ఉబ్బెత్తుగా గాడిద వీపువలె నుండును. దానినంటి చిన్న ప్రార్థనామందిరము, చెంతనే పాత సత్రము, కొంచెము ఎడముగా గుండ్రని మంచుకొట్టు. చలికాలపు మంచును వేసవిదాక కరుగకుండ దాచుటకు కట్టినదది. ఇంతే ఊరు. ఈ యింతకు మూడు గ్రామముల హద్దులు ఇందులో కలియుట మరియొక వింత.

ఈ ఊరు తపాలా పడవ పెట్టిన భిక్ష. గుర్రములు లాగు ఆ పడవ తులూజ్ నుండి ఆగ్ద్ రేవునకు నాలుగు దినములలో చేరెడిది. మధ్యాహ్న భోజనమునకు కొన్ని చోట్లు, రాత్రి శయనమునకు కొన్ని చోట్లు ఏర్పడియుండెను. సొమాయి రాత్రి మజిలీ. ప్రయాణికుడు దిగి, భుజించి, నిద్రించి, వేకువను ప్రార్థన చేసికొని మరల పడవ ఎక్కెడివాడు. చుట్టును ద్రాక్షతోటలున్నను, ఈ ఊరిని నిలిపినది ఆగినవారి ఆకలియే.

1787 మే నెలలో ఈ వంతెన క్రిందుగా ఒక విచిత్రమైన పడవ సాగెను. పడవపై చక్రములు విప్పిన గుర్రపుబండి. ఆ బండిలో అద్దముల నడుమ థామస్ జెఫర్‌సన్. ఆయన అప్పుడు ఫ్రాన్సులో అమెరికా రాయబారి, తరువాత ఆ దేశాధ్యక్షుడు. కుదుపు లేదు, దుమ్ము లేదు. చదువుకొనవచ్చును, వ్రాసికొనవచ్చును, విసుగు పుట్టినచో దిగి గట్టుమీద నడువవచ్చును. 1814లో ఆంగ్లసైనికులు వాషింగ్టనును తగులబెట్టినప్పుడు అమెరికా శాసనసభ గ్రంథాలయము బూడిదయ్యెను. మరుసటి సంవత్సరము తన 6,487 సంపుటములను ఆ గ్రంథాలయమునకు విక్రయించినవాడు ఈయనయే. గ్రంథాలయ సభలో ఈ మాట దారితప్పినదని ఎవరును అనరు గదా!

1857లో బొర్దో నుండి సెత్ వరకు రైలుమార్గము పూర్తియయ్యెను. తపాలా పడవకు ప్రయాణికులు కరవైరి. 1858లో కాలువనే రైలు కంపెనీకి గుత్తకిచ్చిరి. పోటీదారుని చేతికి తాళపుచెవి ఇచ్చినట్లయినది. ద్రాక్షసారా పడవలు మాత్రము మరి నూరేండ్లకు పైగా తిరిగినవి. 1980వ దశాబ్దము ముగియునప్పటికి అవియు నిలిచిపోయెను.

ఆగువారు లేనిచో ఇట్టి ఊరు ఏమగును? సొమాయిలో ద్రాక్షసారా నిలువచేయు పాత కొట్టొకటి పాతపుస్తకముల అంగడిగా మారినది. అందులో సుమారు 50,000 గ్రంథములున్నవని ప్రసిద్ధి. పడవ కట్టి వచ్చినవారు ఆ బీరువాల నడుమ గంటలు గడుపుదురు. పడవకును పుస్తకమునకును గల ఈ చుట్టరికము తెలుగువారికి క్రొత్త కాదు. 1935లో గుంటూరు మండలమున పెదపాలెము నుండి పాతూరి నాగభూషణముగారు కాలువ పడవలలో గ్రంథములుంచి ప్రయాణికులచే చదివించిరి. పడవ మెల్లగా పోవుటయే ఆ గ్రంథాలయమునకు పెట్టుబడి. అక్కడ పుస్తకము పడవ ఎక్కినది. సొమాయిలో పుస్తకము కొరకు మనిషి పడవ దిగును.

కాని పడవ ఆగుటలో ఒక అపకారమును గలదు. కాలువ గట్లపై నీడనిచ్చు ప్లేను చెట్లు, కాశ్మీరపు చినారు జాతివి, సుమారు 42,000 ఉండెను. 2006లో వానికి ఒక బూజు తెగులు సోకినట్లు కనుగొనిరి. మందు లేదు, సోకిన చెట్టును, దాని చుట్టుపట్లవానిని కొట్టి కాల్చవలసినదే. వేలకొలది చెట్లు పోయినవి, గట్లు ఎండకు విడిచినట్లున్నవి. వేరు వేరును తాకి తెగులు ప్రాకును. పడవ త్రాడు బెరడును ఒరసిన గాయమునుండియు, పడవ ప్రక్క వేళ్లను రాచిన గాయమునుండియు లోపల ప్రవేశించును. నీడను వెదకి ఆగినవాడే ఆ నీడకు శత్రువగుచున్నాడు. నరికినచోట వేరుజాతుల మొక్కలు నాటుచున్నారు. అవి గొడుగు పట్టునప్పటికి ఒక తరము గడచును.

అందుచేత ఇప్పుడు చెట్టుకు త్రాడు కట్టరాదు. ప్రతి పడవలోను ఇనుప మేకులును సుత్తియు నుంచుకొందురు. సొమాయి గట్టున సాయంకాలము మొదట వినబడునది ఆ సుత్తిదెబ్బయే. సరంగు రెండు మేకులు దిగగొట్టి, ముడి బిగించి, ఒకసారి లాగి చూచి, అంగడి మూయకముందే చేరవలెనని వంతెన దెసకు వడివడిగా నడచును.