స్వర్ణకారుని గురువులు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రజతోత్సవం, స్వర్ణోత్సవం, వజ్రోత్సవం, ప్లాటినం జూబిలీ. సంస్థల వయస్సును లోకం కొలిచే ఈ పేర్లన్నీ కంసాలి కుంపటి ప్రక్కన వినిపించేవే. బంగారు గనుల ఊరిలో ఒక తెలుగు బడి 75 సంవత్సరాలు నిండించుకున్న వేళ ఆ కంసాలిని తలచుకోవడం సముచితం.

1880లో జాన్ టేలర్ సంస్థ ఇక్కడి గనుల పని చేపట్టింది. 1902లో శివసముద్రం నుండి విద్యుచ్ఛక్తి వచ్చింది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతును దాటింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే నాటికి 800 టన్నులకు పైగా బంగారం ఈ నేల నుండి వెలికి వచ్చింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల నుండి వలస వచ్చిన కుటుంబాలు ఆ బంగారం కోసం తమ ఊపిరితిత్తులను ధారపోశాయి. కాని అది కడ్డీలుగా ఊరు దాటిపోయింది. గని బంగారాన్ని ఇవ్వగలదు గాని నగను ఇవ్వలేదు. కడ్డీకి, కంటెకు నడుమ ఒక మనిషి చేయి ఉన్నది. ఆ చేతికి దారి చూపే కన్ను ఉన్నది. ఆ కన్ను ఎక్కడ చదువుకుంటుంది?

తన కుంపటి దగ్గర మాత్రమే కాదు. ఇతరుల చేతిపని ముందు నిలబడి చదువుకుంటుంది. సంప్రదాయం ఈ మాటను ఏనాడో చెప్పింది. ఇనుము పనివాడు, వడ్రంగి, కంచరి, శిల్పి, స్వర్ణకారుడు, ఈ ఐదుగురూ విశ్వకర్మ సంతతి అనీ, పంచాణం వారనీ పేర్కొన్నది. అన్నదమ్ముల ఇండ్ల నడుమ రాకపోకలు సహజం కదా!

కోలారు పట్టణంలోని సోమేశ్వరాలయం విజయనగర కాలపు కట్టడం. దాని కళ్యాణ మంటపపు స్తంభాల ముందు ఒక స్వర్ణకారుడు నిలబడినాడనుకుందాం. రాతిలోని లతను అతడు ఉన్నదున్నట్లు తీసుకొనిపోలేడు. శిల్పి రాతిని తొలగించి రూపాన్ని తెచ్చాడు. స్వర్ణకారుడు లోహాన్ని తొలగించడు. పలుచని రేకును లక్క మీద పరచి, వెనుక నుండి మెల్లగా కొట్టి ఉబ్బిస్తాడు. ఆపైన రేకును త్రిప్పి, సన్నని ఉలులతో ముఖభాగాన కన్నూ ముక్కూ తీరుస్తాడు. నగిషీ పని అంటే ఇదే. శిల్పి లోపలికి పోయిన చోట స్వర్ణకారుడు వెలుపలికి రావలసి ఉంటుంది. కనుక అతడు నేర్చుకునేది లత ఆకారాన్ని కాదు, ఆ లత ఎక్కడ వంగి ఎక్కడ విశ్రాంతి తీసుకుంటున్నదో ఆ తీరును.

మామిడిపిందె సంగతి చూడండి. పట్టుచీర అంచులోను, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రంపైనా, మామిడిపిందెల హారంలోనూ అదే పిందె. మగ్గం మీద నేతగాడు పోగులు లెక్కపెట్టి నేయాలి గనుక అతని వంపులో సన్నని మెట్లుంటాయి. కలంకారీ పనివాని వెదురు కలం ఆ వంపును ఒక్క గీతలో లాగుతుంది. కమ్మచ్చు బెజ్జాల గుండా సన్నగా సాగదీసిన తీగ ఆ కలం గీతకు దగ్గరి చుట్టం. కరీంనగరం వెండి తీగపనిని చూచినవారికి ఈ చుట్టరికం చెప్పనక్కరలేదు.

ఈ అప్పు ఒకవైపే లేదు. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి మదనికల మెడలలోని హారాలను, నడుముల మొలనూళ్ళను చెక్కిన శిల్పి వాటిని ఏ స్వర్ణకారుని చేతిపనిలోనో చూచి ఉండాలి. కోలారు సీమకు చేరువలోని లేపాక్షి పైకప్పు చిత్రాలలోని స్త్రీల ఆభరణాలు కూడ అట్టివే. ఇక్కడ ఒక విషాదం ఉన్నది. బంగారానికి విలువ ఎక్కువ కావడమే బంగారు నగకు శత్రువు. తరతరానా పాత నగను కరిగించి కొత్తది చేయిస్తారు. అమ్మమ్మ కాసులపేరు మనుమరాలి గొలుసు అవుతుంది. చేసినవాని పనితనం మూసలో కరిగిపోతుంది. విలువ లేని రాయి మాత్రం కరగక నిలిచింది. స్వర్ణకారుడు ఒకనాడు ఇచ్చినదానిని శిల్పి 800 సంవత్సరాలు భద్రపరచి, నేటి స్వర్ణకారునికి తిరిగి అప్పగిస్తున్నాడు.

ఇతర దేశాలలోనూ ఈ కథ ఉన్నది. 1836లో ఇటలీలో ప్రాచీన ఎట్రస్కన్ సమాధి ఒకటి బయటపడింది. అందులోని నగలపై ఇసుక రేణువులంతటి బంగారు గుండ్లు పొదిగి ఉన్నాయి. రోము నగరంలోని కాస్టెల్లానీ కుటుంబం ఆ పనితనాన్ని సాధించాలని ఏండ్ల తరబడి శ్రమించింది. పాత పద్ధతుల జాడ కోసం సాంట్ ఏంజెలో ఇన్ వాడో అనే పల్లె పనివారిని పిలిపించింది. పేరుప్రతిష్ఠలున్న వర్తకులు పల్లెటూరి పనివారి వద్ద శిష్యులైనారు. అయినా ఆ ప్రాచీనుల సూక్ష్మతను పూర్తిగా అందుకోలేకపోయారు. కాని ఆ ప్రయత్నమే వారి నగలకు కొత్త జీవం పోసింది.

నేర్చుకోవడం వేరు, కాజేయడం వేరు. నేడు ఒక నగను ఫొటో తీసి, అచ్చు చేసి, యంత్రంతో వందలు పోత పోయవచ్చు. మొదట ఆ నమూనాను ఊహించిన చేతికి అందులో పేరూ లేదు, కూలీ లేదు. 2000 సంవత్సరంలో బంగారానికి హాల్‌మార్క్ వచ్చింది, 2021 నుండి దశలవారీగా తప్పనిసరి అయింది. 916 అన్న అంకె లోహపు స్వచ్ఛతను చెబుతుంది. చేసినది ఎవరో, అతడు ఎవరి పని చూచి నేర్చాడో చెప్పే ముద్ర దానిలో లేదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం పోచంపల్లి ఇకత్, శ్రీకాళహస్తి కలంకారీ వంటి పనులకు ఊరి పేరును కాపాడింది. మనిషి పేరును కాపాడవలసింది మాత్రం అతని నుండి నేర్చుకున్నవాడే. ‘ఇది ఫలానా వారి పని చూచి చేసినది’ అని చెప్పిన స్వర్ణకారుడు చిన్నవాడు కాడు. గురువు పేరు చెప్పుకున్న విద్యార్థి చిన్నవాడవుతాడా?

పాఠశాలకు దీనితో ఏమి సంబంధమని కొందరికి తోచవచ్చు. సంబంధం దగ్గరిదే. ప్రక్క పలకలో చూచి వ్రాసిన పిల్లవాడిని ఉపాధ్యాయుడు మందలిస్తాడు. ప్రక్కవాని లెక్క ఎట్లా వచ్చిందో అడిగి తెలుసుకున్నవానిని మెచ్చుకుంటాడు. స్వర్ణకారుని ధర్మం కూడ అంతే. ఏడాదికి ఒక రోజు పిల్లలను కాగితం, పెన్సిలుతో సోమేశ్వరాలయానికో, ఆవని గుళ్ళకో, కుమ్మరి సారె దగ్గరకో తీసుకొనిపోతే చాలు. ఒక్క స్తంభాన్ని ఒక్క గంట సేపు చూచి గీయనివ్వాలి. ఇంటి ముంగిట చుక్కలు పెట్టి ముగ్గు కలిపే తల్లి కూడ వారికి గురువేనని చెప్పాలి. గీసిన బొమ్మ క్రింద తమ పేరుతో పాటు, ఎవరి పని చూచి గీశారో వారి పేరో, ఊరో వ్రాయించాలి.

ఈ ఊరి గనులు మూతపడినాయి. పనులు వెదుక్కుంటూ ఎందరో బెంగళూరు రైలెక్కుతున్నారు. ఈ ఊరి బిడ్డలకు భూమి లోపలి బంగారం ఇక జీవనోపాధి కాదు. ఇతరుల చేతిపనిని గౌరవంతో చూడగల కన్ను వారికి ఉంటే, ఏ లోహం చేతికి వచ్చినా వారు దానిని నగగా మలచుకోగలరు. ఆ కన్నును తెరిచే పనిని ఈ బడి రాబోయే సంవత్సరాలలోనూ కొనసాగించుగాక.