చెయ్యెత్తి ప్రమాణం చేసిన రోజు

గ్రీన్ కార్డు వచ్చిందంటే చాలు, అబ్బాయి అమెరికా వాడైపోయాడని మన ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడే కాదు. గ్రీన్ కార్డు అక్కడ శాశ్వతంగా ఉండేందుకు ఇచ్చే అనుమతి మాత్రమే. అది జేబులో ఉన్నన్నాళ్లూ అతను భారత పౌరుడే. భారత పాస్‌పోర్టు మీదే తిరుగుతాడు, ప్రవాస ఓటరుగా పేరు నమోదు చేయించుకుంటే పోలింగు నాటికి ఊరొచ్చి ఓటూ వేయవచ్చు.

అసలు మలుపు ఆ తర్వాత, మామూలుగా అయిదేళ్లు నిండాక వస్తుంది. దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూ గట్టెక్కిన వాళ్లందరినీ ఒక హాల్లో కూర్చోబెడతారు. గ్రీన్ కార్డు వెనక్కి తీసుకుంటారు. చేతుల్లో చిన్న చిన్న జెండాలు. కుడిచెయ్యి పైకెత్తి, పాత దేశం పట్ల విధేయతను వదులుకుంటున్నామని అందరూ కలిసి ప్రమాణం చేస్తారు. ఆ తర్వాత సర్టిఫికెట్లు, ఫొటోలు, బంధువుల అభినందనలు.

భారత పౌరసత్వం పోయేది అక్కడే. 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, తనంతట తాను మరో దేశ పౌరసత్వం పుచ్చుకున్న మనిషి ఇక భారత పౌరుడు కాడు. ఢిల్లీ నుంచి నోటీసు రాదు, ఎవరూ సంతకం అడగరు. బీరువాలో ఇంకా ఏడేళ్ల గడువున్న భారత పాస్‌పోర్టు ఉండవచ్చు. దాన్ని వాడితే నేరం. దౌత్య కార్యాలయానికి అప్పగించి, రద్దు ముద్ర వేయించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఊళ్లో ఓటర్ల జాబితాలో పేరుంటే తీయించుకోవాలి. పేరుంది కదా అని వెళ్లి ఓటేయడానికి లేదు.

కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారు. అలాంటి వాళ్లకు మిగిలేది ఓసీఐ కార్డు. వాడుకకు అది జీవితకాల వీసా. ఓటు ఉండదు, ఎన్నికల్లో పోటీ ఉండదు. హైదరాబాద్‌లో ఫ్లాటు కొనుక్కోవచ్చు కానీ పొలం కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన పొలం మాత్రం ఉంచుకోవచ్చు. సంక్రాంతికి వచ్చి ఊరి చివర రెండెకరాలకు అడ్వాన్సు ఇచ్చే అమెరికా బాబాయిలకు ఈ సంగతి ఇంట్లో ఎవరో ఒకరు ముందే చెప్పడం మంచిది.

పోయిన పౌరసత్వం తిరిగి రాదా అంటే, వస్తుంది. దారి మాత్రం ఇరుకు. వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేశ్ ఉదంతం అందుకు ఉదాహరణ. జర్మనీ పౌరసత్వం తీసుకున్న ఆయన, తిరిగొచ్చి 2008లో దరఖాస్తు చేసి 2009లో భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండి ఉండాలన్నది నిబంధన. ఆ విషయంలో వాస్తవాలు దాచారంటూ ఎన్నికల ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ పోరాటం మొదలుపెట్టారు. 2019లో కేంద్ర హోంశాఖ ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు రద్దును సమర్థించి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. పదవీకాలాలు ముగిశాయి, తీర్పు వచ్చేసరికి పదిహేనేళ్లు గడిచాయి. న్యాయం ఇంత నింపాదిగా నడిస్తే ఓటరు ఎవరిని అడగాలి?

ఇక యానాంలో జరిగింది మరో రకం. అక్కడ మనుషులు ఎక్కడికీ కదల్లేదు, దేశమే మారింది. ఫ్రాన్స్ అప్పగింత ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి రాగానే, అక్కడే పుట్టి అక్కడే కాపురమున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులయ్యారు. ఫ్రెంచి జాతీయతే కావాలనుకుంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఏమీ రాయని వాళ్లు భారతీయులే. పుదుచ్చేరిలో నేటికీ ఫ్రాన్సు ఎన్నికల్లో ఓటేసే తమిళ కుటుంబాలు ఉండటానికి మూలం ఆ ఆరు నెలలే.

పుట్టుకతో వచ్చే పౌరసత్వానికీ తేదీలున్నాయి. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 లోపు ఈ గడ్డమీద పుడితే, విదేశీ రాయబారుల పిల్లల్లాంటి కొద్దిమంది తప్ప, తల్లిదండ్రులెవరని చూడకుండా పౌరసత్వం దక్కింది. ఆ తర్వాత తల్లీతండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్న షరతూ చేరింది. ఆధార్ చూపిస్తే సరిపోతుందనుకునే వాళ్లకు ఒక మాట: ఆధార్ నంబరు పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతోంది.

విదేశంలో పుట్టిన పిల్లల సంగతి దగ్గరే తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడతారు. అమెరికాలో పుట్టిన బిడ్డకు అక్కడి రాజ్యాంగం పద్నాలుగో సవరణ కింద పౌరసత్వం వస్తూ వచ్చింది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు అది ఇవ్వకూడదంటూ 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. కొద్ది రోజులకే అక్కడి కోర్టు దాని అమలును ఆపింది. హెచ్-1బీ మీద ఉన్న తెలుగు దంపతులకు ఆ వారం నిద్ర లేకుండా పోయింది.

అమెరికా అయినా, గల్ఫ్ అయినా, బిడ్డను భారత పౌరుడిగానే ఉంచాలనుకునే వాళ్లు పుట్టిన ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. బిడ్డకు మరో దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. ఏడాది దాటితే నమోదుకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.