వెండి డాలరును తోమకండి
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ బకాయిల సంగతి మాట్లాడవలసిన సభలో ఈయన అమెరికా వెండి డాలరు పట్టుకొచ్చాడేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. మనలో చాలామంది పిల్లలు ఆ దేశంలో ఉన్నారు. వాళ్లు తెచ్చిన వెండి డాలర్లు మన బీరువాల్లో, లక్ష్మీదేవి పటం ముందు ఉన్నాయి. వాటిని ఎలా చూడాలో తెలియక నేను ఒకదాన్ని పాడుచేశాను. అది ఒప్పుకోవడానికే లేచాను.

నా డెబ్బయ్యవ పుట్టినరోజుకు మా అబ్బాయి 1880 నాటి డాలరు తెచ్చి చేతిలో పెట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలది. అంచుల వెంట పసుపు, ఊదా రంగులు తిరిగి ఉన్నాయి. మసి పట్టిందనుకున్నాను. సాయంత్రం బంధువులు వస్తారు కదా అని పళ్లపొడి వేసి పాత బ్రష్షుతో బాగా తోమాను. అద్దంలా మెరిసింది. మా వాడు చూసి, “పోనీలెండి నాన్నా” అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ తరువాతే పుస్తకాలు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టాను.

దీన్ని చెక్కిన జార్జ్ మోర్గన్ పేరిట మోర్గన్ డాలరు అంటారు. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో కొట్టారు. 2021లోనూ, ఆ తరువాతా మళ్లీ కొట్టారు గాని, అవి సేకరణ కోసం అమ్మినవి. పాతదాని బరువు 26.73 గ్రాములు, నూటికి తొంభై పాళ్లు వెండి. మన తులం రూపాయిలో కన్నా ఇందులో రెండుంపావు రెట్ల వెండి ఉంది.

మనకూ దీనికీ చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇండియాలో వెండికి కరువొచ్చింది. జనం నోట్లు తెచ్చి రూపాయలు ఇమ్మన్నారు. 1917లో రూపాయి నోటు పుట్టడం కూడా ఆ ఇబ్బందిలోనే. అప్పుడు 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్ల పైచిలుకు డాలర్లను కరిగించింది. అందులో సుమారు 25 కోట్ల 90 లక్షల డాలర్ల వెండిని ఇండియా కోసం బ్రిటన్‌కు అమ్మారు. మన అమ్మమ్మల కాసుల మూటల్లో ఉన్న ఆనాటి జార్జి రూపాయల్లో కొన్నింటి పూర్వజన్మ ఇదే కావచ్చు.

ఇక తరగతి కట్టడం. మార్కులు 1 నుంచి 70 వరకు. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో రాగి సెంట్ల కోసం వేసిన లెక్క తరువాత అన్ని నాణేలకూ పాకింది. మన పే స్కేలు లాంటిదే, కాకపోతే ఇందులో సర్వీసు పెరిగేకొద్దీ స్కేలు దిగుతుంది! చేతులు మారి అరిగినవన్నీ 60కి లోపల. అసలు అరగనివి 60, ఆపైన.

అరుగుదల ఎత్తు భాగాల్లో మొదలవుతుంది. ముందువైపు స్వేచ్ఛాదేవి తల ఉంటుంది. తలకట్టులో గోధుమ వెన్నులు, పత్తి కాయలు. చెవి పైన జుట్టు, పత్తి ఆకుల అంచులు భూతద్దంతో చూడండి. వెనక్కి తిప్పితే గద్ద రొమ్ము, కాళ్లు. రొమ్ము ఈకలు చాలావరకు చెరిగిపోతే 12 దగ్గర, దాదాపు అన్నీ కనిపిస్తే 40 దగ్గర అని స్థూలంగా అనుకోవచ్చు.

ఇక్కడే ఒక మోసం ఉంది. గద్ద తోక కింద, దండ ముడి దిగువన ‘ఓ’ అక్షరం ఉంటే అది న్యూ ఆర్లియన్స్ టంకశాలది. అక్కడ చాలా నాణేలకు అచ్చు గట్టిగా పడలేదు. చెవి పైన జుట్టు పుట్టుకతోనే చదునుగా ఉంటుంది. అరిగిందా, అచ్చు పడలేదా? మెరుపు చెబుతుంది. ట్యూబ్‌లైటు పనికిరాదు. ఒక్క బల్బు కింద అంచు పట్టుకొని మెల్లగా వాల్చండి. వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. చదునైన చోట కూడా ఆ వెలుగు ఆగకుండా సాగితే అరగలేదన్నమాట. అక్కడ మసకగా తెగిపోతే అరిగింది. అచ్చు దెబ్బకు లోహం పైన ఏర్పడే సన్నని గీతల వల్ల వచ్చే మెరుపు అది. తోమితే ఆ గీతలు పోతాయి, ఎవరూ తిరిగి తేలేరు. నేను పళ్లపొడితో పోగొట్టింది దాన్నే.

పోయిన ఏడాది మన సభ్యులొకరు కబురు పెట్టారు. అమెరికాలో కాలం చేసిన అన్నగారివి రెండు డాలర్లు వదినగారు పంపారట. ఇంటి పైకప్పు కారుతోంది, అమ్ముదామని. కొట్టులో రెంటికీ కలిపి తూకం ధర చెప్పారు. నేను వెళ్లేసరికి గిన్నెలో చింతపండు నానుతోంది! “ఆగండి బావగారూ” అని ముందు గిన్నె తీయించాను.

తెల్లగా ఉన్నది 1921ది, బాగా అరిగింది. ఆ ఏడు కోట్లలో కొట్టారు, కనుక దానికి వెండి ధర కన్నా పెద్దగా రాదు. నల్లగా ఉన్నది 1883ది, తోక కింద ‘సి.సి.’ అని రెండక్షరాలు. కార్సన్ సిటీ. అవి చాలాకాలం ట్రెజరీ సంచుల్లోనే ఉండిపోయాయి. మిగిలిన సుమారు 29 లక్షల నాణేలను, అందులో ఎక్కువ కార్సన్ సిటీవే, అమెరికా ప్రభుత్వం 1972 నుంచి 1980 మధ్య అమ్మింది. ట్రెజరీలో పనిచేసినవాణ్ణి కనుక ఆ సంచులు నాకు కళ్లకు కట్టాయి. బల్బు కింద వాల్చితే ఆ నలుపు లోంచి చక్రం తిరిగింది. అరుగుదల లేదు, చెంప మీద సంచి దెబ్బలే. 63 అన్నాను. తరువాత హైదరాబాదులో అనుభవజ్ఞుడైన సేకర్త చూసి 61 అన్నారు. చెంప మీద పొడుగాటి గీత నా కంట పడలేదు. 61 అయినా తూకం ధరకు ఎన్నో రెట్లు.

తిరిగి అమెరికా పంపి అమ్మిద్దామని మీకు తోచవచ్చు. నూరేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదని మన 1972 పురావస్తు చట్టం. కనుక ఇక్కడే, తెలిసినవారికి చూపించి అమ్ముకోవాలి. నకిలీలు కూడా చాలా ఉన్నాయి. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు. అంటుకోకపోయినా, బరువు సరిపోయినా అసలుదేనని నమ్మవద్దు.

ఆ బావగారు 1921ది అమ్మేశారు. రెండోదాని విషయం ఇంకా ఇంట్లో తేలలేదు. పైకప్పు మాత్రం అలాగే ఉంది.

నా 1880 డాలరు తెచ్చాను, చేయి చేయి మార్చి చూడండి. పాడయ్యిందే కనుక భయం లేదు, అయినా అంచే పట్టుకోండి. పత్తి ఆకుల సందుల్లో పళ్లపొడి ఇంకా తెల్లగా కనిపిస్తుంది.