బిడ్డ కోసం అడిగే తల్లి నోరు మూయొద్దు
(ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన బతుకుల మీద నిర్ణయం మన దగ్గర్నే జరగాలని కొట్లాడినం. 2014ల రాష్ట్రం వచ్చింది. 10 జిల్లాలు 33 అయినయి. కలెక్టరేటు దగ్గరికొచ్చింది. మరి బిడ్డను హోంకు పంపిన తల్లి గోడు వినే చెవి దగ్గరికొచ్చిందా?

తల్లిదండ్రులు కూలికి పోయిన ఇంట్ల పిల్లలు ఒంటరిగున్నరని సోషల్ వర్కర్ నివేదిక రాస్తరు. దాన్ని చూసి బాలల సంక్షేమ కమిటీ నిర్ణయం చేస్తది. 'అది తప్పు, మా ఇంటికే రాలేదు' అని తల్లి కాగితం పెడితే, అది తిరిగి అదే సోషల్ వర్కర్ టేబుల్ మీదికి పోతే? తన మీది ఫిర్యాదుకు తనే జడ్జి!

చట్టం అట్ల చెప్పలేదు. 2015 బాలల న్యాయ చట్టానికి 2021ల చేసిన సవరణ ప్రకారం కమిటీ పనితీరుపై ఫిర్యాదు కలెక్టరే వినాలె. ఇరుపక్షాల మాట విని ఉత్తర్వు ఇయ్యాలె. జిల్లా బాలల పరిరక్షణ విభాగం కూడా కలెక్టర్ పర్యవేక్షణలోనే పనిచేయాలె.

సోషల్ వర్కర్లంతా చెడ్డోళ్లని మేమంటలేం. వాళ్లల్ల చాలామందివి కాంట్రాక్టు కొలువులే. నిష్పక్షపాత విచారణ వాళ్లకూ రక్షణే. అబద్ధపు ఫిర్యాదైతే అక్కడనే తేలిపోతది.

మేమడిగేది నాలుగే. చదువురాని తల్లి నోటితో చెప్పినా రాసుకొని తేదీతో రసీదు ఇయ్యాలె. ఆ కేసు చూడని అధికారి విచారించాలె. బిడ్డను విడిగా కూసుండబెట్టి అడగాలె. జవాబు రాతపూర్వకంగా రావాలె.

ఫిర్యాదు చేసిందని బిడ్డను చూడనియ్యకపోవుడు న్యాయం కాదు, కక్ష. అట్ల జరిగిన కాడ ఆ తల్లి ఎంబడి మనం నిలబడాలె.

జై తెలంగాణ!