గాలి అందరిదే, మర ఎవరిది?



ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో కనుమరుగైన ఒక గాలిమర గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఊరు పరాయిదే గానీ, గొడవ మనకు తెలిసినదే.

1191లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊళ్లో హెర్బర్ట్ అనే చర్చి అధికారి ఒక గాలిమర కట్టించాడు. ఆ ఊరి మీద పెత్తనమంతా అక్కడి క్రైస్తవ మఠానిది. మఠానికి సొంత పిండి మరలున్నాయి. గింజలు ఆడించుకునేవాళ్లు అందులో కొంత మరకు వదులుకోవాలి. మఠాధిపతి శాంసన్‌కు కొత్త మర సంగతి తెలిసి మండిపడ్డాడు. వడ్రంగులను పంపి వెంటనే పీకించమన్నాడు. గాలి అందరిదీ కదా, నా గింజలే ఆడించుకుంటానని హెర్బర్ట్ మొరపెట్టుకున్నాడు. జనమంతా అటు పోతే మఠం రాబడి పడిపోతుందని శాంసన్ భయం. చివరికి హెర్బర్టే భయపడి మరను విప్పించేశాడు. మఠం మనుషులు వచ్చేసరికి కూల్చడానికి ఏమీ మిగల్లేదు. ఆ మఠంలోని సన్యాసి జోసెలిన్ రాసిపెట్టబట్టే మనకీ కథ తెలిసింది.

హెర్బర్ట్ బీదవాడు కాదు, పలుకుబడి ఉన్నవాడే. అయినా ఒక్కడే కాబట్టి నిలబడలేకపోయాడు.

జనం కలిసి నిలబడిన చోటు కూడా ఉంది. సెయింట్ ఆల్బన్స్ అనే మరో మఠం ఊళ్లో, ఇళ్లలో తిరగళ్లు ఉంటే తమ మరకు గిరాకీ తగ్గుతుందని మఠాధిపతి వాటిని లాక్కున్నాడు. ఆ రాళ్లను తన మఠంలో నేలకు పరిపించాడు. 1381 రైతుల తిరుగుబాటులో జనం ఆ నేలను పగలగొట్టి, రాతి ముక్కలు పంచుకుని ఇళ్లకు తీసుకుపోయారు. రాజు ఆ తిరుగుబాటును అణచివేశాడు, నాయకులను ఉరితీయించాడు. గెలిచారని మనం చెప్పడం లేదు. కానీ తిరగలి తమదేనన్న మాట వాళ్లు యాభై ఏళ్లయినా మరచిపోలేదు.

ఇప్పుడు మన రాయలసీమ గుట్టల మీదా గాలిమరలు తిరుగుతున్నాయి. ఇవి పిండి కాదు, కరెంటు ఆడిస్తాయి. గాలి ఇప్పటికీ ఎవరి సొత్తూ కాదు. కానీ మర నిలబడేది మన నేల మీద, దారి వేసేది మన గట్ల మీదుగా. కాబట్టి కౌలు కాగితం ఇంటికొస్తే ఎవరికి వారు సంతకం పెట్టొద్దు. ఎన్నేళ్లకు, ఎంతకు, గడువు తీరాక ఆ దిమ్మెలు ఎవరు తీయాలి అన్నవి సంఘంలో అందరి ముందూ చదివించుకుందాం. ఆ తర్వాతే వేలిముద్ర.